పదిమంది పట్టే చెట్టు

హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. మణికొండలో మా ఇంట్ల కిరాయికి కడప నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటామెకు నేను రోజూ నా చిన్నప్పటి ముచ్చట్లు చెప్పేదాన్ని. గోల్కొండ దిక్కు పాత తోటలో ఏనుగులంత చెట్లున్నయని, ఒకదాని తొర్రలో పదిమందిమి కూర్చొని సద్ది తిన్నమని ఒకరోజు చెప్పిన.

ఆమె పడీ పడీ నవ్వింది. "అక్కా, నువ్వు చెప్పేదాంట్లో సగమే నమ్మాల. చెట్టులో పదిమంది యాడ పడతారు?"

అప్పట్నుంచి నేనేం చెప్పినా మా పిల్లలు "సగమే, సగమే" అనుడు మొదలుపెట్టిన్రు. ఇట్లయితే ఇగ నా మాట ఎవరు వింటరని, ఒక ఆదివారం వాడకట్టు ఆడోళ్లను, పిల్లలను ఆ తోటకు తీస్కపోయిన.

చెట్టును చూసి అందరూ నోరు తెరిచిన్రు. నాకు జర ధైర్యమొచ్చింది. పిల్లలు లెక్కపెడుతుంటే ఆడోళ్లను ఒక్కొక్కరిని తొర్రలోకి ఎక్కించిన. తొమ్మిదో మనిషికే లోపల మోచెయ్యి కదిపే జాగ లేకుండ పోయింది. చిన్నప్పుడు మేమందరం పుల్లల్లెక్క ఉంటిమి, ఆ సంగతే నాకు యాదికి రాలే.

"తొమ్మిదే!" అని కేకేసిన్రు పిల్లలు. నా మొహం చిన్నబోయింది.

కడపామె నా దిక్కు చూసి, కొంగు నడుముకు చెక్కుకుంది. "కాళ్లు జాపుకోని కూర్చుంటే యాడ పడతారు? ముడుచుకోండి! అక్క పదిమంది అనిందంటే పదిమందే" అని, తొర్ర అంచుకు కూర్చున్న మా ఆడబిడ్డను భుజంతో నూకి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరింది.

ఆమెను మళ్లీ బయటికి లాగనీకి నాతోపాటు పిల్లలందరూ చెయ్యెయ్యాల్సొచ్చింది.