ల్యాబులో నేను మార్చిన అంకె

సీటుబెల్టు పెట్టుకోమని కారు కూస్తోంటే ఆ వైరే పీకించేశానని గొప్పగా చెబుతున్నారే సుధాకర్ గారూ, సిగ్గుపడాల్సిన మాట అది. టీ చల్లారితే చల్లారింది, వినండి. నేనూ అలాంటి పనే చేసి, దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులవి. అమీర్‌పేటలో మూడంతస్తుల మెట్లెక్కితే మా కోచింగ్ సెంటర్. నేనక్కడ అటెండర్ని. చదివింది పదో తరగతే అయినా ల్యాబు తాళాలు నా దగ్గరే ఉండేవి. తలుపు తీయగానే బోర్డు మీద ఒక నీతివాక్యం రాసేవాణ్ణి. బ్యాచ్ ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకునేవాణ్ణి కాదు.

ప్రసాద్ సార్ అక్కడ కెర్నెల్ ప్రోగ్రామింగ్ చెప్పేవారు. కంప్యూటర్‌లో అన్నిటి మీదా పెత్తనం చేసేది కెర్నెల్. వాడుకుని తిరిగి ఇచ్చేసిన మెమరీని మళ్ళీ ముట్టుకుంటే మిషనే పడిపోతుందట. "హాస్టల్ గది ఖాళీ చేసి, పాత తాళంచెవితో మళ్ళీ దూరినట్టు. అప్పటికి ఆ మంచం మీద ఇంకొకడు పడుకుని ఉంటాడు" అనేవారు సార్. ఆ తప్పు మొదట్లోనే దొరకాలని ల్యాబులో తనిఖీలు చేసే కెర్నెల్ పెట్టారు. తప్పు జరిగితే స్క్రీన్ మీద హెచ్చరికలు పడేవి. కానీ దానివల్ల సిస్టమ్‌లు నత్తల్లా నడిచేవి. తర్వాతి బ్యాచ్ మెట్ల మీద నిలబడి గొణిగేది.

నాకది సహించలేదు. ఏ కెర్నెల్‌తో సిస్టమ్ లేవాలో చెప్పే అంకె ఒకటుంది. సార్ మారుస్తుంటే పక్కనుంచి చూశాను. ఆయన వారం రోజులు సెలవు మీద ఊరెళ్ళగానే అన్నిట్లోనూ ఆ అంకె మార్చి, తనిఖీలు లేని కెర్నెల్ పెట్టేశాను. మిషన్లు పరుగెత్తాయి.

మర్నాడు సిరిసిల్ల నుంచి వచ్చి చదువుకుంటున్న స్వప్న నా దగ్గరికొచ్చింది. "అన్నా, మస్తు సతాయించిన వార్నింగ్ పోయింది. పొద్దుగాల రెండు లైన్లు మార్చిన, గందుకే పోయినట్టుంది."

"శ్రద్ధ ఉంటే ఏ తప్పైనా పోతుందమ్మా" అన్నాను. ఆ మాటే తెల్లారి బోర్డు మీద రాశాను కూడా.

ఆ వారమే పంజగుట్టలో ఒక కంపెనీ, తను రాసిన ప్రోగ్రామ్ నడిపి చూపించమని ఆమెను డెమోకి పిలిచింది. ఈసారి ఉద్యోగం రాకుంటే నెలాఖరుకు ఇంటికి వచ్చెయ్యమన్నారట వాళ్ళ నాన్న. పొద్దున నాకు దణ్ణం పెట్టి వెళ్ళిన పిల్ల మధ్యాహ్నం వచ్చి బెంచీ మీద కూలబడింది.

"మూడోసారి నడిపిస్తుంటే మిషన్ బిగుసుకపోయింది అన్నా. ఇచ్చేసిన మెమరీని మళ్ళా వాడినవ్, చెక్ చేసుకోకుండనే వచ్చినవా అన్నరు. ల్యాబ్‌ల చేసుకున్ననంటే నవ్విండ్రు."

మర్నాడు సార్ ఊరినుంచి వచ్చి ఒక సిస్టమ్ ఆన్ చేశారు. "ఇది ఎవరు మార్చారు?"

ఆ రోజు బోర్డు మీద నేను రాసింది, నిజం దాచరాదని.

"నేనేనండి. బ్యాచ్ టైముకి వదలాలని..."

"తప్పు పోలేదు సత్యం గారూ. చెప్పే నోరు మూసేశారు."

ఇద్దరం పంజగుట్ట వెళ్ళి బతిమాలాం. ఆ ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. నెలాఖరున స్వప్న పెట్టె ఆటోలోకి ఎక్కించింది నేనే. "ఫికర్ జెయ్యకు అన్నా, నీకు సుత తెల్వదు గదా" అంది. తిట్టినా బాగుండేది.

యజమాని నన్ను కింద మెట్ల దగ్గర, చెప్పులు వరుసగా పెట్టించే పనిలో కూర్చోబెట్టాడు. ల్యాబు తాళాలు తీసుకున్నందుకు అంత బాధపడలేదు. "ఆ సుద్దముక్క కూడా ఇచ్చెయ్యండి" అన్నాడు. ఇచ్చేశాను. ఇచ్చేసినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదు. అన్నేళ్ళు ఆ ల్యాబులో ఉండి నేను నేర్చుకున్నది అదొక్కటే.