మా బోగీకి ఊపిరి నేర్పిన సత్యవతి అత్త

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరి స్కూటీ స్టార్ట్ చేశాను. ఫోన్ మోగింది. సునీత.

"అక్కా, అమ్మ పోయింది."

ఏ అమ్మ అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

సునీత వాళ్లమ్మ అంటే నాకు సత్యవతి అత్త. మొన్న సాయంత్రమే ఇద్దరం వాళ్ల గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నాం. నిన్న టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుందట. అంతే. హార్ట్ ఎటాక్ అన్నారు.

స్కూటీ ఇంజన్ నడుస్తూనే ఉంది. నాకు ఆపాలని కూడా తోచలేదు.

అత్త గురించి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

విజయనగరం దగ్గర పల్లెటూరు ఆవిడది. మావయ్యకి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప గనిలో ఉద్యోగం. పెళ్లి చేసుకుని గని పక్కనున్న కిరండూల్ వచ్చింది. మా పక్క క్వార్టర్‌లోనే ఉండేవాళ్లు.

మావయ్య హఠాత్తుగా పోయారు. క్వార్టర్ ఖాళీ చేసి బజార్ వైపు అద్దె ఇంట్లోకి మారాల్సి వచ్చింది. మనిషీ లేడు, ఇల్లూ లేదు. అత్తకి నిద్ర పూర్తిగా పోయింది. బీపీ పెరిగింది.

అప్పుడే ఊళ్లో యోగా క్యాంప్ పెడితే నేను బలవంతంగా లాక్కెళ్లాను. నేను వారంలో మానేశాను. అత్త మానలేదు.

కొన్నాళ్లకి తనే కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకి నేర్పడం మొదలుపెట్టింది. తెలుగువాళ్లు, హల్బీ మాట్లాడేవాళ్లు, గోండీ వాళ్లు, అందరూ వచ్చేవారు. అత్త హిందీలో సగం తెలుగే ఉండేది. అయినా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

ఒకసారి అడిగాను, "అత్తా, ఇది చేస్తే బాధ పోతుందా?" అని.

"బాధెక్కడికి పోద్దే? ఏడుపు ఆపడానికి కాదే ఇది. ఏడిసి లేచాక అన్నం వొండుకోడానికి."

తర్వాత కళ్లకి గ్లకోమా వచ్చింది. పక్కల నుంచి చూపు కొద్దికొద్దిగా తగ్గిపోసాగింది.

ఆవిడేం చేసిందో తెలుసా? ఇంకా చూపు ఉండగానే, కళ్లు మూసుకుని ఇల్లంతా తిరగడం ప్రాక్టీస్ చేసింది. కళ్లు మూసుకునే పప్పుకి పోపు వేసింది. తలుపుకి కొట్టుకుని నుదురు బొప్పి కట్టించుకుంది. మర్నాడు మళ్లీ మొదలు.

ఆఖరిసారి వైజాగ్ కంటి డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. వెలుగు తప్ప ఇంకేం కనిపించని స్థితి. డాక్టర్ చాలా మెల్లగా చెప్పాడు.

"ఇంక రాదా బాబూ?" అంది అత్త.

"రాదమ్మా."

మర్నాడు తిరుగు ప్యాసింజర్ రైలెక్కాం. కిటికీ సీటు తనకే కావాలంది అత్త. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

ఘాట్ ఎక్కాక పెద్ద వాన. ఒక టన్నెల్లోకి వెళ్లి బండి ఆగిపోయింది. ముందు పట్టాల మీద కొండరాళ్లు పడ్డాయట. కాసేపటికి లైట్లు పోయాయి.

ఫోన్ టార్చ్‌లు వెలిగాయి. వాటితో భయం ఇంకా ఎక్కువైంది. ఒకరి మొహం చూసి ఇంకొకరు బెదిరిపోతున్నారు. పిల్లల ఏడుపు. నాకు ఊపిరి ఆడలేదు.

ఇంతలో ఒక కుర్రాడు "ఉతరో, ఉతరో! సురంగ్ గిరేగా!" అని అరుస్తూ తలుపు వైపు పరిగెత్తాడు. దిగండి, టన్నెల్ కూలుతుంది అనగానే బోగీ మొత్తం లేచింది. ఒళ్లో పసిబిడ్డ ఉన్న ఒకమ్మాయిని తోసేసుకుంటూ వెళ్తున్నారు. కింద చీకటి, పట్టాలు, పక్కన నిలబడే చోటు కూడా లేదు.

అప్పుడు అత్త గొంతు వినిపించింది.

"బేటా! ఇధర్ ఆ. మేరా హాథ్ పకడ్. ముఝే దిఖ్తా నహీఁ."

ఇలా రా బాబూ, నాకు కళ్లు కనపడవు, నా చెయ్యి పట్టుకో అంది. అంతే.

ఆ కుర్రాడు ఆగాడు. వెనక్కి వచ్చాడు. అత్త చెయ్యి పట్టుకున్నాడు.

"బైఠ్ జా," అంది. కూర్చున్నాడు. అతను కూర్చుంటే వెనక వాళ్లూ నెమ్మదించారు.

అందర్నీ చెవులు మూసుకోమంది. ముక్కుతో గాలి పీల్చి, నోరు మూసి, తుమ్మెదలా "మ్‌మ్‌మ్" అనమంది. భ్రామరి ప్రాణాయామం. ముందు అత్త ఒక్కతే. తర్వాత నేను. తర్వాత ఆ కుర్రాడు. తర్వాత పసిబిడ్డ తల్లి.

ఒడియా వాళ్లు, గోండీ వాళ్లు, సెలవు మీద వెళ్లొస్తున్న జవాన్లు... బోగీ మొత్తం ఒక్కటే మోత. నా వీపుకి ఆనిన చెక్క సీటు సన్నగా వణికింది. పసిబిడ్డ ఏడుపు ఆపేసింది.

ఎంతసేపు చేశామో తెలియదు. బండి కదిలి, టన్నెల్ బయటికి వచ్చినప్పుడు కూడా కొంతమంది కళ్లు తెరవలేదు.

నేను అత్త వైపు తిరిగాను. ముందురోజే చూపు తిరిగి రాదని విన్న మనిషి ఈవిడ.

"నీకు భయం వెయ్యలేదా అత్తా?"

"ఎందుకెయ్యదే? నా సెయ్యి సూడు, ఎలా సెమట పట్టేసిందో. ఎవులో ఒకలు ముందు ఊపిరి తీసుకోవాల కదే."

కిరండూల్ చేరిన వారంలోనే మళ్లీ క్లాస్ మొదలుపెట్టింది. కళ్లు కనపడవు కాబట్టి వీపు మీద చెయ్యి పెట్టి ఆసనం సరిచేసేది. "కోడలా, నిన్న సరిగ్గా తినలేదు నువ్వు" అని నాకు చెప్పేసేది కూడా. ఎలా తెలిసేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ రోజు పొద్దున క్లాస్ ఉండదనుకుంటూనే హాల్‌కి వెళ్లాను. అందరూ వచ్చేశారు. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు.

బుధ్రి అని అత్త దగ్గర నేర్చుకున్న గోండు అమ్మాయి, గట్టిగా ఏడ్చేసింది. ఎవరూ ఆపలేదు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, వెళ్లి అందరికీ ముందు కూర్చుంది.

"ఆంఖ్ బంద్ కరో," అంది.

కళ్లు మూసుకున్నాం.

హాయిగా వెళ్లు సత్యవతత్తా. మావయ్యని అడిగానని చెప్పు. నీ మనసుకి, నీ ప్రాణానికి చల్లగా ఉండాలి.