వెండి రంగు డైనమోతో ఖమ్మం దాకా

ఉదయం ఐదూ నలభైకి భద్రాచలం బస్టాండులో ఖమ్మం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా ఊరి నుంచి ఈ బస్సులో తిరిగి వెళ్లేవాళ్లంతా రాముడి దర్శనం చేసుకుని ప్రసాదం సంచులతో వెళ్తుంటారు. నాది పాత కారు వారంటీ యాత్ర.

కారణం చెప్పాలి. నా భార్య పద్మ చర్ల దాటాక అడవిలోకి పన్నెండు కిలోమీటర్లు లోపలున్న బడిలో టీచరు. చర్ల దాకా బస్సుంది. అక్కడి నుంచి ఆటో. నిండితేనే కదులుతుంది, ఎప్పుడు నిండాలన్నది దాని ఇష్టం. అందుకే పోయినేడు ఖమ్మంలో ఒక పాత కార్ల షోరూములో ఏడేళ్ల వయసున్న కారు కొన్నాం. ఏడాది వారంటీ ఇచ్చారు. పద్మ తనే నడుపుకుని వెళ్లేది. పదకొండు నెలలు బండి మర్యాదగా నడిచింది. పన్నెండో నెలలో డైనమో పోయింది. కదలని బండిని ఖమ్మం దాకా లాక్కెళ్లడం వారంటీలో లేదట. మూడు వారాలు ఫోన్లు చేస్తే చివరికి, “విప్పించి పార్టు తీసుకురండి సార్, లోపల మాత్రం తెరవొద్దు” అన్నారు. వారంటీకి ఈ రోజే ఆఖరు.

ఈ మూడు వారాల్లో పద్మ రెండుసార్లు ఆలస్యానికి సంజాయిషీ రాసింది. తర్వాత చర్లలో ఒక గది చూసుకుంది. కారు సంగతి తేలకపోతే ఆదివారం సామాన్లతో అక్కడికి మారిపోతుంది, వారానికో రోజు ఇంటికి వస్తుంది. ఆ ఇంటామెకు ఈ సాయంత్రం ఐదులోపు మాట చెప్పాలి. “నువ్వు పరేషాన్ కాకు. కారు కాకుంటే గది ఉంది కదా,” అంది. నా పరేషానంతా ఆ గది గురించే.

ఆరుకు ఐదు నిమిషాలుందనగా గోదావరి వంతెన దాటి సారపాకలో బస్సు ఆగింది. మా మెకానిక్ యాకూబ్ భాయ్ సంచితో కిటికీ కింద నిలబడి ఉన్నాడు.

“జల్దీ పట్టుకో సార్. నిన్న కిరోసిన్‌ల కడిగి సిల్వర్ పెయింట్ కొట్టిన.”

“పెయింటెందుకు భాయ్?”

“ఆఫీసుకు పోయే సామాన్ మురికిగ పోతే మన ఇజ్జత్ ఏముంటది సార్?”

ఆయన ఇరవై ఏళ్లు పేపర్ మిల్లులో కాంట్రాక్టు ఫిట్టరుగా చేశాడు. మోటారు ఏదైనా గేటు దాటాలంటే కడిగి, రంగు వేసి పంపడమే ఆయన నేర్చుకున్న పద్ధతి. బస్సు కదిలాక సంచి విప్పి చూశాను. మా కారులో అంత అందమైన వస్తువు ఇంకొకటి లేదు.

కండక్టరమ్మ వచ్చి, “సంచిల ఏందన్నా?” అంది.

“డైనమో.”

“దానికి టికెట్ వద్దు తీ. ఒళ్లె పెట్టుకో, నడిమిట్ల పెట్టకు.”

బస్సులో ముప్పాతిక మంది ఆడవాళ్లు. వాళ్లకు ఉచిత ప్రయాణపు సున్నా టికెట్లు, నాకు అసలు టికెట్. దారి పొడుగునా ఆరు కిలోల బరువు తొడల మీద మోశాను. పక్క సీటులో కొత్తగూడెం వెళ్తున్న ఒక పెద్దమ్మ సంచిలోకి తొంగి చూసి, “ఎవరి పెండ్లికి పోతున్నవ్ బిడ్డా?” అని అడిగింది.

“పెండ్లి కాదమ్మా. ఇది ఖరాబైంది. వాపస్ ఇయ్యనీకి పోతున్న.”

ఆమె దాన్ని మళ్లీ చూసింది. తర్వాత నన్ను చూసింది. తన సంచిని అటువైపుకు జరుపుకుంది.

ఏడూ పావుకు ఆమె దిగింది. ఆ సీటులోకి నైట్ షిఫ్టు దిగిన బొగ్గు గని ఫిట్టరొకాయన వచ్చాడు. కూర్చుంటూనే వేలితో డైనమోను టకటక కొట్టాడు.

“కొత్తది కదా. ఎందుకు వాపస్ ఇస్తున్నవ్?”

“పాతదే. రంగేసినం.”

“మా తాన మంచిగైనదానికే రంగేస్తం అన్నా. ఖరాబైనదానికి ఎర్ర చాక్‌తోని ఇంటూ కొడ్తం, అంతే,” అని చెప్పి నిద్రపోయాడు. జూలూరుపాడు, ఏన్కూరు ఆయన నిద్రలోనే దాటాయి. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అప్పుడే గుర్తొచ్చింది, పార్టు మీద నంబరు స్టిక్కరు ఉండాలని ఫోనులో ప్రత్యేకంగా చెప్పారు. సంచిలో చేయి పెట్టి నాలుగు వైపులా తడిమాను. నున్నగా ఉంది.

తొమ్మిదీ ఐదుకు ఖమ్మం. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీ, ఒక వడ తిన్నాను. వడ బాగుంది. ఆ రోజు బాగున్నవాటిలో అది మొదటిది. ఆటోలో వైరా రోడ్డులోని షోరూముకు వెళ్తే పదింటికి తీశారు. నా వంతు పదకొండున్నరకు వచ్చింది. వారంటీ బల్ల దగ్గర సూపర్‌వైజరు స్వరూప గారు. ముప్పై ఐదేళ్లుంటాయి. నవ్వకుండా పని చేసే మనిషి.

నేను డైనమో బల్ల మీద పెట్టాను.

“ఇది కొత్తది సార్. పాడైనది తీసుకురండి.”

“పాడైనది ఇదేనండీ.”

ఆమె దాన్ని లోపల వర్క్‌షాపుకు పంపింది. అక్కడ బెంచి మీద బిగించి తిప్పి చూశారు. కరెంటు చుక్క కూడా రాలేదు. పన్నెండున్నరకు మెకానిక్ తిరిగి తెచ్చి, “చచ్చింది మేడం, పక్కా,” అన్నాడు. చావు కబురు విని నేను అంత ఊరట చెందడం తప్పే. కానీ అది డైనమో.

“స్టిక్కర్ లేదు. మీ బండిదే అని ఎట్ల నమ్మాలి?” అంది స్వరూప గారు.

నేను మళ్లీ నాలుగు వైపులా తడిమాను. లంచ్ అయింది. రెండింటికి ఆమె రంగు తీసే థిన్నర్ తెప్పించి, గుడ్డతో అడుగు భాగం తనే రుద్దింది. వెండి రంగు కింద లోహం మీద గుద్దిన నంబరు తేలింది. కంప్యూటరుతో ఒక్కొక్క అంకె సరిచూసింది. కలిసింది. అప్పుడు ఫారం తీసింది.

“పార్టు మీద రంగు ఎవరు వేసిండ్రు?”

నేను నోరు తెరిచేలోపే ఆమె షరతుల కాగితాన్ని నావైపు తిప్పింది. వేలు ఒక లైను మీద పెట్టింది. విప్పడం తప్ప బయటి మెకానిక్ పార్టు మీద ఇంకే పని చేసినా క్లెయిము చెల్లదు. దాని కింద లైను, యజమాని స్వయంగా శుభ్రం చేసుకోవచ్చు. ఆమె వేలు ఆ రెండో లైను దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగిందనిపించింది. పొరపాటూ కావచ్చు.

యాకూబ్ భాయ్ పేరు రాస్తే ఆయన ఇజ్జత్, నా డైనమో రెండూ పోతాయి.

“నేనే వేశాను,” అన్నాను.

“మీరు పెయింటరా?”

“కాలేజీ లైబ్రేరియన్ని. పాతవాటికి అట్టలు వేయడం అలవాటు.”

ఆమె నన్ను ఒక నిమిషం చూసి, “ఓనర్ శుభ్రం చేసిండు” అని రాసుకుంది. సంతకం పెట్టాను. క్లెయిము మంజూరు. ఆ కుర్చీలో అలాగే పడుకోవాలనిపించింది.

“కొత్తది ఇప్పుడే ఇస్తారా?”

“హైదరాబాద్ నుంచి రావాలె సార్. నాలుగు వారాలు పడ్తది.”

పాతది వాళ్లే ఉంచుకున్నారు. మూడింటి బస్సు ఎక్కాను. ఒళ్లో ఏమీ లేదు, ఒక రసీదు తప్ప. ఇదే పని మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. పొద్దుటి బస్సే ఎక్కండి, వడ తినండి, పార్టును ఎలా పాడైందో అలాగే మురికిగా తీసుకెళ్లండి. మురికే మీ సాక్ష్యం.

నాలుగూ నలభైకి కొత్తగూడెంలో బస్సు ఆగితే పద్మకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే చర్లలో ఆ ఇంటి ముందే ఉంది.

“అయిందా?”

“అయింది. ఒప్పుకున్నరు. మనమే గెలిచినం.”

“ఎప్పుడిస్తరట?”

“నాలుగు వారాలకు.”

ఫోనులో ఎవరో కోళ్లను అదిలిస్తున్నారు.

“అయితే నెలకు తీసుకుంటనని చెప్త. ఇంటామె మరిది పాల బండి రోజూ పొద్దున మా బడి ఉన్న ఊరికే పోతదట. ఆరింటికి లేస్తే చాలు. నాలుగింటికి లేచుడు తప్పుతది.” ఆమె గొంతులో సంతోషం ఉంది. దాచుకుంటోంది, పాపం, నాకోసం.

“నెల తర్వాత కారు వస్తది కదా,” అన్నాను.

“రానీ. అప్పుడు చూద్దాం.”

పాల్వంచ దాటేసరికి ఎండ వాలింది. నీలగిరి తోటలు, తర్వాత మిల్లు పొగ, తర్వాత గోదావరి. పొద్దున చూసినవే వెనక నుంచి ముందుకు వచ్చాయి. మొత్తం మీద చెప్పాలంటే ప్రయాణం సఫలం. ఒక రోజులో రెండువందల నలభై కిలోమీటర్లు తిరిగి, అడిగినదంతా సాధించాను. ఇంత నీరసంగా ఎప్పుడూ గెలవలేదు.

వంతెన మీద ఉండగా పద్మ నుంచి మెసేజ్ వచ్చింది. ఆదివారం చర్లకు తీసుకెళ్లాల్సిన సామాన్ల జాబితా. చాప, బకెట్, రెండు గిన్నెలు, చిన్న కుక్కరు. చివర, “బస్సుల కుక్కర్ కింద పెట్టకు, సొట్ట పడ్తది. ఒళ్లె పెట్టుకో,” అని ఉంది.

సరే అని రాశాను.