మావయ్య పాస్ చెయ్యని రై విస్కీ

ఆదివారం బావ వస్తాడని ఖరిదా బజార్లో చవగ్గా దొరికిన రై విస్కీ, అంటే రై అనే ధాన్యంతో చేసింది, ఒక సీసా కొన్నాను. బావకి పెట్టొచ్చో లేదో తేల్చమని సాయంత్రం మావయ్యకి చూపించినాను. ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. అక్కడ ఆయిల్‌ని పరీక్షించినట్టే ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, అప్పుడు గుక్క వేసినారు.

"ఏటి మావయ్యా, పాసేనా?"

"మిరియాల ఘాటుంది. ఇంకో ట్రయల్ చూడాల."

నాలుగు ట్రయల్స్ అయినాయి, సీసా సగమైంది, తీర్పు మాత్రం రాలేదు. వంటింట్లోంచి అత్తయ్య వచ్చి, "బాగోపోతే మొదటి గుక్కకే రిజెక్ట్ కొట్టీసేవోరు. ఇంక మూత పెట్టండి" అంది.

చుక్క ముట్టకుండానే తేల్చేసింది. ఆదివారానికి ఇంకో సీసా కోసం నేను మళ్లీ ఖరిదా వెళ్లాలి. మీ ఇంట్లో తీర్పు ఎవరిది?