ఫిబ్రవరి, మూడో నంబరు ప్రెస్సు

బెడ్‌వర్త్ ఊళ్ళో క్లిఫర్డ్ టాన్స్లీ విప్పి చూడని వస్తువు లేదు. గోడ గడియారం, టీ కెటిల్, పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్, చర్చివాళ్ళు నమ్మకంగా అప్పగించిన హార్మోనియం, అన్నీ అయ్యాయి. "ఈ ఇంట్లో ఈ మనిషి విప్పనిది నా మోకాలొక్కటే. అదీ డాక్టరు ముందే విప్పేశాడు కనక" అని భార్య డోరీన్ అంటుంది.

అలాంటి మనిషి పందొమ్మిదేళ్ళు ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో, ప్లాస్టిక్ కరిగించి అచ్చు పోసే మూడో నంబరు ప్రెస్సు ముందు నిలబడి, అదేమిటో తెలియకుండానే ఒక వస్తువు చేశాడు. జానెడు పొడవు, విల్లులా కొద్దిగా వంపు, బెల్లం రంగు. ఇదెందుకని అడిగితే మేస్త్రీ ఒకే మాట అనేవాడు: "ఏదో ఇంజన్లోకిలే. నీకెందుకు?" తక్కినవాళ్ళకి ఆ జవాబు సరిపోయింది. క్లిఫర్డ్‌కి కడుపుబ్బరంగా ఉండేది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలా ఏళ్ళకి, తన చిన్న కారు బ్రేకుల కోసం లొరేన్ గ్యారేజీకి వెళ్ళినప్పుడు ఆ వస్తువు మళ్ళీ కనిపించింది. బల్లమీద, రెండు ముక్కలై.

"ఇది నాది" అన్నాడు క్లిఫర్డ్.

"నీదా? పోనీ పట్టుకెళ్ళు. చెత్తే కదా" అంది లొరేన్. యాభై అయిదేళ్ళ మనిషి, మోచేతుల దాకా నూనె, నోరూ అంత శుభ్రం కాదు.

అప్పుడు చెప్పింది. ఒకప్పటి ఖరీదైన పెద్ద కార్ల ఇంజన్ ముందు భాగంలో సైకిల్ చైను లాంటి చైను ఒకటి పైకీ కిందికీ తిరుగుతుంది. అది అటూ ఇటూ కొట్టుకోకుండా ఈ ప్లాస్టిక్ పట్టీలు దారి చూపిస్తాయి. టెన్షనర్ అనేది నూనె ఒత్తిడితో దాన్ని బిగువుగా పట్టి ఉంచుతుంది. పట్టీ విరిగిందా, చైను వదులై పళ్ళచక్రం మీద ఒక పన్ను దాటేస్తుంది. లోపల ఒకటి తిరగాల్సినచోట ఇంకొకటి వచ్చి గుద్దుకుంటుంది. ఇక ఆ ఇంజన్ తుక్కే.

క్లిఫర్డ్ ముఖం పాలిపోయింది. ఎందుకో ఆమెకి అప్పుడు చెప్పలేదు.

ఆనాటి నుంచి లొరేన్ ఆ రకం ఇంజన్ విప్పినప్పుడల్లా క్లిఫర్డ్ ఫ్లాస్కులో చక్కెర వెయ్యని టీ, జేబులో భూతద్దం పెట్టుకుని హాజరు. పట్టీ వెనక గుండ్రటి ముద్ర ఉంటుంది. చుట్టూ పన్నెండు నెలల అంకెలు, మధ్యలో సంవత్సరం, నెల చూపించే బాణం, పక్కన ప్రెస్సు నంబరు. దాన్ని చూస్తాడు, "కాదు" అంటాడు, టీ తాగి వెళ్ళిపోతాడు. ఇప్పటికి పద్నాలుగు కార్లయ్యాయి.

పదిహేనోది ముదురాకుపచ్చ కారు. మిసెస్ ఆక్స్‌టెల్ అనే రిటైరైన పియానో టీచరుది, ఏటా వసంతంలో తప్పకుండా నూనె మార్పించుకునే మనిషి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేస్తే డబ్బాలో గోళీలు ఊపినట్టు చప్పుడు. లొరేన్ పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి, పిడి చెవికి ఆనించి విన్నది. "ఎడమపక్క టెన్షనర్ పోయింది. విప్పుదాం."

లోపలి భాగాలు కదలకుండా ముందు పిన్నులతో బిగించింది. తర్వాత ముందు మూత విప్పింది. టెన్షనర్ నిజంగానే పగిలి ఉంది. ఎడమవైపు పట్టీ మీద చైను లోతుగా గాడి కోసింది. కుడివైపు పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు.

క్లిఫర్డ్ రెండూ గుడ్డతో తుడిచాడు. ఎడమది జనవరి, మూడో ప్రెస్సు. కుడిది మళ్ళీ తుడిచి మళ్ళీ చూశాడు. ఫిబ్రవరి, తొంభై ఎనిమిది, మూడో ప్రెస్సు.

"ఏంటయ్యా, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

అప్పుడు చెప్పాడు. ప్లాస్టిక్ గుళికలు ప్రెస్సులో పోసేముందు నాలుగు గంటలు వేడిగాలిలో ఆరబెట్టాలి. తడి ఉంటే వస్తువు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ పెళుసైపోతుంది. ఆ ఫిబ్రవరంతా అచ్చు మరమ్మతులో ఉండి, మూడో ప్రెస్సు మీద ఈ పట్టీ చేసింది ఒక్క శనివారమే, మూడు వందల పై చిలుకు. ఆ రోజు క్లిఫర్డ్ గుళికలు ఆరబెట్టలేదు.

లొరేన్ ఫక్కున నవ్వింది. "ఇందుకా ఇన్నాళ్ళూ నా టీ చక్కెరంతా తిన్నావు? పిచ్చోడా, చూడు, ఇరవై ఆరేళ్ళు నిలబడింది! ఇంటికి తీసుకుపోయి షోకేసులో పెట్టుకో."

షోకేసులో పెట్టుకుని ఉంటే కథ సుఖంగా ముగిసేది. కానీ విప్పకుండా ఉండలేనివాడు వంచకుండా మాత్రం ఎలా ఉంటాడు? ఫ్యాక్టరీలో గంటకో పట్టీని బల్లకి బిగించిన పట్టకారులో, అదే వైసులో, బిగించి వంచి చూసేవారు. మంచిదైతే వంపు దగ్గర తెల్లబడి ఊరుకుంటుంది. పెళుసుదైతే టక్కుమంటుంది. ఆ శనివారం అదీ చెయ్యలేదు.

"అదే ఇంజను, అదే నూనె, అవే ఏళ్ళు. రెండూ వంచితే తెలిసిపోతుంది" అన్నాడు.

"తెలుసుకుని ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. తెలుసుకుంటాను."

ముందు జనవరిది బిగించాడు. అంత గాడి పడినది కూడా వంగింది, తెల్లబడింది, విరగలేదు. తర్వాత ఫిబ్రవరిది. బలం కూడా పెట్టలేదు. టక్. సగం ముక్క ఎగిరి కారు కిందకి పోయింది.

లొరేన్ నవ్వు ఆగిపోయింది. క్లిఫర్డ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ముక్క వెతికి తీసి, రెండో సగానికి ఆనించి చూశాడు. ఇది నిలబడింది, సరే. ఆ మూడు వందల్లో తక్కినవి ఏ రోడ్డుమీద, ఎవరిని నిలబెట్టేశాయి?

సాయంత్రానికి కొత్త చైను, కొత్త పట్టీలు, కొత్త టెన్షనర్లు వేసి లొరేన్ ఇంజన్ తిప్పింది. చప్పుడు లేదు. కారు కోసం బస్సు దిగి వచ్చిన మిసెస్ ఆక్స్‌టెల్ ముందు క్లిఫర్డ్ రెండు ముక్కలూ పెట్టాడు. లొరేన్ కళ్ళతోనే వద్దంటోంది.

"ఇది నేను చేసిందండీ. ఒక శనివారం ప్లాస్టిక్ గుళికలు ఆరబెట్టకుండా చేశాను. దారిలో విరిగిపోయేదే. ఏటా వసంతంలో మీరు నూనె మార్పించబట్టి బతికింది."

ఆమె కళ్ళజోడు సవరించుకుని ముక్కల్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పాఠం తప్పిన పిల్లవాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది. "ఆ రోజు ఎందుకు ఆరబెట్టలేదు?"

ఇన్నేళ్ళలో క్లిఫర్డ్ మేస్త్రీకి చెప్పేందుకు ఒక జవాబు, మేనేజరుకి ఒకటి, కోర్టుకైతే ఇంకొకటి సిద్ధం చేసుకున్నాడు. పాత హీటరు, తొందర పెట్టిన ఆఫీసు, జ్వరం. అవన్నీ వదిలేశాడు.

"మధ్యాహ్నం మా ఊరి జట్టు ఫుట్‌బాల్ ఆట ఉందండీ. నాలుగు గంటలు ఆగితే తప్పిపోతుందని."

"గెలిచారా మరి?" ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"తెలీదండీ" అన్నాడు క్లిఫర్డ్. "సగం ఆటలోనే లేచి ఫ్యాక్టరీకి పరిగెత్తాను, ఆ పట్టీల పెట్టెలు పక్కన పెట్టించాలని. అప్పటికే లారీ వెళ్ళిపోయింది."