గోడ మీది లాయరు, ప్లీడరు గారి మఫ్లరు

మా పక్కింటి ప్లీడరు బాబాయి గారు మొన్న మంగళవారం నిద్రలోనే పోయారు. వచ్చే నెల మా ఊరి లైబ్రరీ సమావేశంలో ఆయన మాట్లాడాల్సి ఉంది. ఇప్పుడు ఆయన బదులు నన్ను మాట్లాడమంటున్నారు. ఆయన ఏం చెప్పదలచుకున్నారో నాకు తెలియదు. అందుకే మన తెలుగు సంఘం పత్రికకు ఇది రాస్తున్నాను.

గుంటూరు జిల్లాలో ప్లీడరీ మానేశాక ఆయన ఇక్కడ అమెరికాలో, ఈ నోవై ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చారు. డ్రైవింగ్ రాదు. ఆస్పత్రిలో నాకు డ్యూటీ లేని రోజున లైబ్రరీకి తీసుకెళ్లేదాన్ని. అక్కడ పిల్లలు చదువుకునే గదిలో ఒక పటం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ఊళ్లో లాయరుగా పేరు తెచ్చుకుని శాసనసభకు వెళ్లినాయనది. కాలేజీకి వెళ్లకుండా, ఒక లాయరు ఆఫీసులో పుస్తకాలు చదివి పైకొచ్చాడట. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే కాబట్టి ఆయన మీద వెంటనే గౌరవం కలిగింది.

బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఒక నల్లజాతి మనిషి కోసం ఆయన ఫీజు లేకుండా వాదించి విడిపించాడు. తర్వాత శాసనసభలో నల్లవాళ్లకు ఓటు హక్కు వద్దని మాట్లాడాడు. ఇప్పుడా పటం ఉంచాలా, తీసేయాలా అన్నదే సమావేశం.

తిరిగొచ్చేటప్పుడు బాబాయి గారు కార్‌లో ఆ పటం కేసు వాదించేవారు. మఫ్లరు కుడి భుజాన ఉంటే లాయరు తరఫున. ఎడమకు మారిస్తే ఎదుటి పక్షం.

"ఇంతకీ మీరెటు బాబాయి గారూ?"

"ముందు ఎగ్జిట్ చూడమ్మాయ్. దాటిపోయాం."

"మంచివాడా, కాదా? ఏదో ఒకటి చెప్పండి."

"ఫీజు లేని కేసులో పులి, ఓట్లు కావలసిన చోట పిల్లి. మా సీనియరు గారూ అంతే. ఆయన ఫొటోకి రోజూ దండం పెట్టేవాణ్ణి."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ పెడతాను. ఆయన వల్ల దెబ్బతిన్నవాళ్లు ఇంటికొస్తే మాత్రం ఆ ఫొటో కింద కూర్చోబెట్టను."

అది ఏ పక్షమో నాకు అర్థం కాలేదు. ఆ మాటే చెప్పాను.

"అర్థం కాకపోతే తప్పులేదు. అయినట్టు తలూపితేనే తప్పు. కోర్టులో వాయిదాలున్నది అందుకే" అన్నారు. బళ్లో నేను తలూపడమే నేర్చుకున్నాను. ఇంటికెళ్తే అడగడానికి ఎవరూ లేరు. ఆ మాట నాతో అన్నది ఆయనొక్కరే.

చివరిసారి దింపినప్పుడు మంచు పడుతోంది. సమావేశంలో ఏం చెబుతారని అడిగాను.

"నువ్వేం చెబుతావు?"

"నన్నెవరడిగారండీ?"

"నేనడుగుతున్నాగా."

మఫ్లరు తీసి, మడిచి సీట్ మీద పెట్టి దిగారు. చలి, వేసుకోండి అన్నాను. చేయి ఊపి లోపలికి వెళ్లిపోయారు.

వాళ్లబ్బాయిని అడిగితే, "నాన్న అవన్నీ మీతోనే కదండీ మాట్లాడేది. మాతో అయితే టీవీ సౌండ్ తగ్గించమనడమే" అన్నాడు.

మఫ్లరు ఇంకా నా కార్‌లో పక్క సీట్ మీదే ఉంది, మడత పెట్టినట్టే. మర్చిపోయారో, నా కోసం వదిలి వెళ్లారో తెలియడం లేదు. ఆదివారం భజనల్లో ఆయన మీలో ఎవరితోనైనా ఆ పటం సంగతి తేల్చి చెప్పి ఉంటే, ఉగాదిలోగా నాకు రాయండి. ఆ తర్వాతి వారమే సమావేశం. ఎవరూ రాయకపోతే, ఆ మఫ్లరు ఏ భుజాన వేసుకుని లేచి నిలబడాలో నేనే తేల్చుకోవాలి.