కొలత తప్పిన సీటు

నేను జాకెట్లు కుడతాను. అమెరికాలో అట్లాంటా పక్కనున్న మా అల్ఫారెట్టా ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇంట్లో పెళ్లయినా, గృహప్రవేశమయినా, పిల్ల డాన్సు ప్రోగ్రామయినా, చీర కొన్న మర్నాడు మా బేస్‌మెంట్ మెట్లు దిగుతారు. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, నా కొలత తప్పదు. తప్పిందని ఎవరైనా అంటే ఊరుకోను. మార్పు మీ ఒంట్లో వచ్చి ఉంటుంది, నా టేపులో రాలేదని మొహం మీదే చెప్పేస్తాను. ఈ నోటి వల్ల కొందరు అలిగి మానేశారు కూడా. వాళ్లే మళ్లీ దసరాకి చీరలు పట్టుకుని వచ్చారు.

ఇలాంటిదాన్ని కిందటేడు ఒక కారుకి సీటు కుట్టాను.

మా ఇంటికి ఎదురుగా అమెరికన్ దంపతులు ఉంటారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. పెద్దాయన తలుపులో వంగి నడిచేంత పొడుగు. పెద్దావిడ నా భుజం దాకా కూడా రాదు. వాళ్ల గరాజ్‌లో పందొమ్మిదివందల ముప్పైల నాటి నల్లకారు ఒకటి ఉండేది. ఆవిడ తండ్రిదట. మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో పెద్దాయన దాన్ని మాకు చూపిస్తూ, ఇందులో ప్రతి మరా ఫ్యాక్టరీలో బిగించినదే, ఒక్కటి కూడా మార్చలేదని గర్వంగా చెప్పాడు. ఏటా జూలై నాలుగున, వాళ్ల స్వాతంత్ర్యదినం ఊరేగింపులో ఆ కారు వెళ్లేది. ఆయన నడిపేవాడు, ఆవిడ పక్కన కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపేది. మేమూ ఊపేవాళ్లం.

నిరుడు వసంతంలో ఆ గరాజ్‌లోంచి ఇనుము కోస్తున్న చప్పుడు మొదలైంది. రెండురోజులు ఓర్చుకున్నాను. మూడోరోజు నా వల్ల కాలేదు. ఏం జరుగుతోందో చూసొస్తానంటే మావారు లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే, "నీకెందుకు ఆ గొడవంతా? వాళ్ల కార్, వాళ్లు కట్ చేసుకుంటారో పెయింట్ చేసుకుంటారో. ఎక్కువైతే కాలనీ సంఘం, ఆ హెచ్ఓఏ వాళ్లే చూసుకుంటారులే" అన్నారు. వట్టి చేతులతో ఎదుటివాళ్ల గరాజ్‌లోకి తొంగిచూస్తే బాగుండదని గిన్నెలో పులిహోర పెట్టుకుని వెళ్లాను.

చూసి నిజంగా గుండె గుభేలుమంది. ముందు మూత లేదు. ఇంజన్ గొలుసులకి వేలాడుతోంది. కారు అడుగున ఉండాల్సిన రేకు కోసేసి ఉంది, లోపల నిలబడితే నేల కనిపిస్తోంది. పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, హాట్ రాడ్ చేస్తున్నానన్నాడు. పైన పాత ఒళ్లు అలాగే ఉంటుందట, లోపల అన్నీ కొత్తవట. కొత్త ఇంజన్, వాటంతటవే మారే గేర్లు, ఒక్కవేలితో తిరిగే స్టీరింగ్, గట్టిగా పట్టే బ్రేకులు, చివరికి ఏసీ కూడా. ఇన్నేళ్లు మర మార్చకుండా కాపాడినదాన్ని ఎందుకు కోసుకున్నారని అడిగాను. పాత కార్ల క్లబ్బులో తన స్నేహితులూ అదే అడిగారని, కొందరు ఫోన్ చేయడం మానేశారని చెప్పాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. పులిహోర బాగుందన్నాడు.

చెప్పకపోతే మనం ఊహించుకోలేమా? ఈ వయసులో మగవాడికి స్పీడు పిచ్చి పట్టిందని నేనే తేల్చేశాను. ఒళ్లు మండింది. కారేమో ఆవిడ తండ్రిది, కోసేదేమో ఈయన. ఆవిడ నోరు మూసుకుని వంటింట్లో కూర్చుందా అని మావారి దగ్గర అరిచాను. మావారు తన పని తాను చూసుకున్నారు.

కోపం వచ్చినా వెళ్లడం మానలేదు. మధ్యాహ్నాలు మిషన్ ఆపి కాసేపు అటు వెళ్లి నిలబడేదాన్ని. ఆయన విసుక్కునేవాడు కాదు. ఏది అడిగినా చూపించేవాడు. కాళ్ల దగ్గర మూడు పెడళ్లు ఉండాల్సిన చోట రెండే మిగిలాయి. కొత్త గేరుపెట్టె పాతదానికన్నా లావు, అందుకే దాని కోసం కింద రేకు కోసి గూనులా పైకి లేపాడు. హాట్ రాడ్ చేసేవాళ్లు సాధారణంగా కిటికీల మధ్య స్తంభాలు కోసి పైకప్పు కిందికి దింపుతారట, కారు నేలని పట్టుకుని పాకుతున్నట్టు కనిపించడానికి. మీరెందుకు దింపలేదన్నాను. ఆవిడ ఒప్పుకోలేదన్నాడు. వాళ్ల నాన్న టోపీ పెట్టుకునే కారు నడిపేవాడట, ఆ టోపీకి చోటు ఉండాలందట.

అంటే ఆవిడ మాట చెల్లుతోందన్నమాట. నా ఊహలో మొదటి కుట్టు అక్కడే ఊడింది.

వేసవి చివర్లో ఆయన మా బేస్‌మెంట్‌లోకి వచ్చాడు. సీట్లు కుట్టే షాపువాళ్లు చాలాకాలం ఆగమంటున్నారట. నువ్వు కుడతావా అని అడిగాడు. కుట్టేది రెక్సిన్, ముదురు మెరూన్ రంగు. ఈ కార్ల సీట్లకి ఒక పద్ధతి ఉందట: వేలంత లావు మడతలు పక్కపక్కనే నిలువుగా వేసి, ప్రతి మడతలో దూది కూరుతారు. ఫోటో చూడగానే చేతులు దురదపెట్టాయి. నా మిషన్‌కి అంత మందం దిగదంటే ఎక్కడినుంచో బరువైన మిషన్ ఒకటి తెచ్చి గరాజ్‌లో పెట్టాడు. ఆ ఒక్కపనితో ఆయన మీద నా కోపం సగం పోయింది.

కొలతల రోజు కారులో పెడళ్లకీ స్టీరింగ్‌కీ ఉన్న దూరం ముందు చూసుకుని, ఆయన్ని కుర్చీలో కూర్చోమన్నాను. నడుము దగ్గర టేపు పెట్టి మోకాలి దాకా లాగాను. ఆయన నా చేతిలోంచి టేపు మెల్లగా తీసుకున్నాడు.

"నన్ను కాదు. నడిపేది నేను కాదు" అన్నాడు.

ఇంట్లోంచి వచ్చే తలుపులో పెద్దావిడ నిలబడి ఉంది. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. ఆయన బయటికి వెళ్లిపోయాడు.

ఒంటి మీద టేపు పడగానే ఆడవాళ్లు మనసులోవన్నీ చెప్పేస్తారు. ఇది నా వృత్తిలో రోజూ చూసేదే, దేశం ఏదైనా ఒకటే. ఆవిడా చెప్పింది. పద్దెనిమిదేళ్లప్పుడు నడుపుతానని తండ్రిని అడిగిందట. కాళ్లు పెడళ్లకి అందలేదు, క్లచ్ తొక్కడానికి ఒంట్లో బరువు చాలలేదు. తండ్రి నవ్వి పక్క సీటు చూపించాడట. పెళ్లయ్యాక తాళాలు తండ్రి దగ్గర్నుంచి తిన్నగా అల్లుడి చేతికి వెళ్లాయి. కారు ఆవిడ పేరునే ఉంది, నడిపింది మాత్రం ఎప్పుడూ లేదు. కిందటి శీతాకాలంలో మోకాలికి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నప్పుడు, నా కారు నేను నడిపేలా చెయ్యి అని భర్తకి చెప్పిందట. చలికాలమంతా ఆయన కాదన్నాడు. ఆ తర్వాత ఒకరోజు వెళ్లి గ్రైండర్ కొనుక్కొచ్చాడు. కింద రేకు కోసిన రోజు ఆయన ఏడ్చినంత పని చేశాడని చెప్పింది.

"పక్క సీట్లో కూర్చున్నదానికి చెయ్యి ఊపడం తప్ప పనేముంటుంది? బాగా ఊపుతాననుకో" అంది.

నాకు సిగ్గేసింది. ఆవిడ వంటింట్లో కూర్చుందని నేను ఎంత తేలిగ్గా అనేశాను! ఆ సిగ్గు కప్పుకోవడానికి నా పని గురించి గొప్పలు మొదలుపెట్టాను. మా జాకెట్లకి లోపల గుడ్డ వదిలి రెండుమూడు వరసలు కుడతామని, ఒళ్లు వస్తే ఒక వరస విప్పుకుంటే చాలని చెప్పి, నా కుర్తా పక్క తిప్పి చూపించాను. ఏది కుట్టినా వెనక్కి దారి వదలకుండా కుట్టనన్నాను. ఆవిడ ఆ కుట్లని వేలితో తడిమి చూసి, కార్లు కోసేవాళ్లకి ఈ సుఖం లేదంది.

సీటు ఫ్రేము ఆయనే వెల్డింగ్ చేశాడు. ఏ కారులోనైనా సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కదా, ఇది జరగదేమిటని అడిగాను. పట్టాలు పెడితే ఎత్తు పెరుగుతుందని, నా వైపు చూడకుండా చెప్పాడు. సరే, జరగని సీటులో పొట్టిమనిషి కాళ్లు అందాలంటే వీపు వెనక స్పాంజి మందంగా ఉండాలి. నేను తెలివిగా ఆ మందాన్ని విడి దిండులా చేసి, మడతల చాటున కనబడకుండా జిప్పు పెట్టాను. కుట్టినంతసేపూ నన్ను నేనే మెచ్చుకున్నాను. అంతా అయ్యాక ఆయన్ని పిలిచి, మీకు నడపాలనిపించిన రోజు ఈ జిప్పు లాగి దిండు తీసేయండి, మీ కాళ్లకీ సరిపోతుందని చూపించాను.

ఆయన మడతల మీద చాలాసేపు చెయ్యి రాశాడు. ఇంత చక్కని కుట్టు చూడలేదన్నాడు. ఆ తర్వాత, దిండు లోపలే ఉంచి, జిప్పు తీసేసి మూసి కుట్టేయమన్నాడు.

నాకు చర్రున కోపం వచ్చింది. ఏం లోపం కనిపించింది మీకు అన్నాను.

"లోపం నాలో ఉంది. ఈ జిప్పు ఉంటే వారం తిరక్కుండా నేనే నడుపుతుంటాను. కాస్త ట్రాఫిక్ ఉంటే చాలు, ఆమె తాళాలు నా చేతిలో పెడుతుంది. నేను తీసుకుంటాను. ఇద్దరికీ అదే అలవాటు" అన్నాడు.

తీసుకోకండి, వద్దని చెప్పండి అన్నాను.

"నాకు ఆ కారంటే ప్రాణం. వద్దనేంత మంచివాణ్ని కాదు. అందులో నేను పట్టకుండా కుట్టు" అన్నాడు. ఆమెకి మాత్రం చెప్పొద్దన్నాడు, తెలిస్తే జాలిపడి మళ్లీ మార్పించేస్తుందట.

నేను కారు నేర్చుకుని పదేళ్లు దాటింది. పిల్లల్ని దింపడానికీ, సరుకులకీ, అట్లాంటా దాకా కూడా ఒక్కదాన్నే వెళ్తాను. మావారు కూడా వస్తే మాత్రం తాళాలు ఆయన చేతిలో పెట్టి అటువైపు తలుపు తీసుకుంటాను. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆయన వద్దన్నదీ లేదు.

ఇంటికి వెళ్లి టీ తాగి వచ్చి జిప్పు విప్పాను. మిగిలిన గుడ్డ కత్తిరించాలంటే చెయ్యి రాలేదు. ఇన్నేళ్లలో ఒక్క జాకెట్టులో కూడా లోపలి గుడ్డ పూర్తిగా కోసేయలేదు నేను. కోశాను. ఆ చోట వంకర సూదితో, చేత్తోనే దగ్గర దగ్గరగా కుట్టేశాను.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున కారు బయటికి వచ్చింది. వెనక చక్రాలు వెడల్పు, ముందు భాగం కాస్త వంగి ఉంది. అదే నల్లరంగు, లోపల నా మెరూన్ మడతలు. చప్పుడు విని మావారు కూడా చెప్పులు వేసుకుని వచ్చారు. పెద్దావిడ తండ్రి టోపీ పెట్టుకుని ఎక్కింది. అది చెవుల మీదికి జారుతోంది. మొదటిసారి ఒక్కదాన్నే వెళ్తానని, మా వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కేసింది. ఆయన డ్రైవ్‌వేలో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కుడికాలు మాత్రం నేలమీద లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి ఆవిడ మొహం ఎర్రబడి ఉంది. దిగింది. దిగీ దిగకముందే తాళాలు ఆయనకి చాపింది.

"ఇక నీ వంతు. ఇన్నాళ్లు కష్టపడింది నువ్వు" అంది.

ఆయన చెయ్యి జేబులోంచి రావడం నేను చూశాను. ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు ఆ చెయ్యి. తాళాలు తీసుకుని వెళ్లి తలుపు తీశాడు. ఒక కాలు లోపల పెట్టాడు, మోకాలు స్టీరింగ్‌కి తగిలింది. పక్కకి తిరిగాడు, వంగాడు, మళ్లీ ప్రయత్నించాడు. అది నటన కాదు. నేను పట్టకుండా కుట్టు అన్న మనిషే, ఎలాగైనా ఇమిడితే బాగుండునని ప్రయత్నించాడు. చివరికి మోకాలు రుద్దుకుంటూ బయటికి వచ్చాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "కొలత తప్పిందా?" అంది.

మావారు చప్పున నా మొహం చూశారు. ఆ మాట అన్నవాళ్ల గతి ఏమవుతుందో ఆయనకి తెలుసు.

"తప్పిందండీ" అన్నాను.

"ఏది కుట్టినా వెనక్కి దారి వదులుతానన్నావు కదా?"

"ఈసారి మర్చిపోయాను."

ఆవిడ కారులోకి వంగి, సీటు వీపు మీద వేళ్లతో తడుముతూ వెళ్లి, నేను చేత్తో కుట్టిన చోట ఆగింది. ఆ కుట్టు మీద వేలు అటూ ఇటూ రెండుసార్లు నడిపింది. తల ఎత్తి భర్తని చూసింది. ఆయన మచ్చలేని తలుపుని జేబురుమాలుతో తుడుస్తున్నాడు. ఆవిడ దగ్గరికి వెళ్లి ఆయన చేతిలోంచి తాళాలు తీసుకుంది.

"సరే అయితే, అటువైపు ఎక్కు" అంది.

ఆయన చుట్టూ తిరిగి వెళ్లి, కాళ్లు మడిచి, ఇన్నేళ్లూ ఆవిడ కూర్చున్న వైపు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు ఒళ్లో పెట్టుకున్నాడు. కారు కదిలింది. వీధి చివర మలుపు దగ్గర ఆ చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చి, మా వైపు ఊగింది.